పావుగంట రేవు

ముప్పై ఒక్క ఏళ్ళు
నేను ఓడ ఎక్కలేదు.
ఓడే నా దగ్గరికొచ్చేది,
తెల్లవారుజామున మూడింటికి, పావుగంట కోసం.
చుట్టపు చూపు కూడా కాదు,
గుమ్మంలో నిలబడి మంచినీళ్ళడిగి
చెంబు తిరిగిచ్చి వెళ్ళినట్టు.

పైనుంచి సన్నతాడు విసిరేవాళ్ళు.
కొసన పిడికిలంత ముడి,
నా భుజం మీదుగా పోయి మంచులో కూరుకునేది.
లాగితే సన్నతాడు వెనక లావుతాడు,
లావుతాడు వెనక ఓడ,
ఓడ వెనక సముద్రమంతా కదిలొస్తున్నట్టుండేది
నా పాతికేళ్ళప్పుడు.
తర్వాత్తర్వాత
తాడు మాత్రమే వచ్చేది.

పని మానేసిన నాడు రేవు ఆఫీసు వాళ్ళు
గడియారం ఇవ్వలేదు, టిక్కెట్టు ఇచ్చారు.
"ఉత్తరం కొసదాకా పోయిరా ఐలెర్ట్,
కిటికీ ఉన్న గది."
గుడ్నీ రానంది.
సముద్రం చూడ్డానికి డబ్బులెందుకు, వంటింటి తెర తియ్యి, అంది.
నాకు రెండు జతల ఉన్ని మేజోళ్ళు సర్దింది.
ఒకటి పారేసుకుని ఒకటి తెస్తానని
ఏ జతకా జత దారంతో కలిపి కుట్టి మరీ.

ఓడలో అందరికీ ఎర్ర కోట్లు పంచారు.
తొడుక్కున్నాక అద్దంలో ఉన్నది
ఏ దేశంవాడో చెప్పలేకపోయాను.

మొదటి మజిలీలో చేపలెండేసిన కొయ్య పందిళ్ళు.
వెండెలా అనే గైడు పిల్ల, దక్షిణాది నగరం యాస,
తలల్లేని కాడ్ చేపల్ని చూపిస్తూ
"ఉప్పు వెయ్యరు, ఒట్టి గాలికే ఎండుతాయి" అంది.
ఔనా, అన్నాను.
చేతులు జేబుల్లో దాచేశాను.
అవి నోరు జారేలా ఉన్నాయి.

రెండో మజిలీలో మంటపెట్టుకుని కూర్చున్న నీలాస్,
రెయిన్‌డీర్ తోళ్ళు పరిచి.
మా వాళ్ళలో ఒకాయన అడిగాడు
మీకెన్ని జంతువులున్నాయని.
అంటే, బ్యాంకులో ఎంతుంది అని.
నీలాస్ కాఫీ గిన్నె వంక చూస్తూ
"చెట్టుకి ఈ పక్కా ఉన్నాయి, ఆ పక్కా ఉన్నాయి" అన్నాడు.
ఆయన కాగితం మీద రాసుకున్నాడు.

మిగిలిన రేవులు నాకు గుర్తులేవు.
కొండల్ని అందరూ ఫోటో తీస్తుంటే
నేను వంగి, తాడు పట్టేవాళ్ళని చూశాను.
ఒకచోట ఒకావిడ
నోట్లో సిగరెట్టు తియ్యకుండానే అందుకుంది.
ఇంకోచోట ముసలాయన ఒక చేతికే గ్లౌజుతో.
ఒక్కరూ తలెత్తలేదు.
తలెత్తమని ఎలా అడుగుతాను?
నేను మాత్రం ఎప్పుడెత్తాను కనుక!

ఉత్తరం కొసన ఏముందని గుడ్నీ అడుగుతుంది.
పెట్రోలు బంకు.
ఎండాకాలానికి తెరుస్తామని బోర్డు పెట్టిన ఐస్‌క్రీము కొట్టు.
అక్కడ ఓడ వెనక్కి తిరిగింది,
మరిచిపోయింది గుర్తొచ్చిన మనిషిలా.

తిరుగుప్రయాణంలో మా ఊరు
రాత్రి మూడింటికే వచ్చింది.
ఎంతుంటుంది? ఏడు దీపాలు, చేపల గోదాము కప్పు,
మసీదు చేసుకున్న పాత బడి.
అగ్గిపుల్ల గీసి ఆర్పేలోగా చూసెయ్యొచ్చు.
నిద్రపట్టని ఒక పెద్దావిడ రెయిలింగు దగ్గర
"ఇక్కడేముందని దిగుతున్నారు?" అంది.
నోటిదాకా వచ్చిన జవాబు పొడుగైపోయింది,
ఓడ ఆగేది పావుగంటే.

కింద సిండ్రే.
మొదటి విసురు అందుకోలేదు, తాడు నీళ్ళలో పడింది.
నా కుడిచెయ్యి నాకు చెప్పకుండా జేబులోంచి బయటికొచ్చింది.
రెండోసారి పట్టాడు, ఫరవాలేదు.

పెట్టె పట్టుకుని దిగాను.
మంచు కురుస్తోంది. ఇనుప గూటం పక్కనే ఆగాను,
అలవాటు.
వాడు తలెత్తకుండా, నా ఎర్రకోటుతో అన్నాడు:
"కొంచెం జరగండి సార్, తాడు వదులుతున్నాను."
నేను నేర్పిన మాటే,
నేను నేర్పిన విసుగుతోనే.

జరిగాను.

ఓడ తన దీపాలన్నీ మూటగట్టుకుని
మలుపు తిరిగాక గుర్తొచ్చింది,
గదిలో హీటరు మీద ఆరేసిన మేజోళ్ళు.
రెండూ పోయాయి,
ఒకదాన్నొకటి విడవకుండా.