ఎత్తని ఫోను

కొండమల్లేపల్లి చౌరస్తా కాడ
మా మోటర్ వైండింగ్ దుకాణంల
మేకుకు ఒక పుస్తకం ఏలాడుతుంటది.
నూనె మరకల అట్ట, దబ్బనంతో కుట్టిన వీపు.
ఏ మోటరుకు ఎన్ని చుట్లు, ఏ గేజు తీగ,
ఏ గాడిల మొదలువెట్టాలె,
జానీమియా ముప్పయ్యేండ్లు కాలిన మోటర్లు ఇప్పి
చుట్టు చుట్టు లెక్కవెట్టి రాసిండు.
ఎదురు దుకాణం పోరడు గూడ వచ్చి సూసుకపోతడు.
సూస్తే తరిగేదుందా, అంటడు మియా,
వానికి చాయ్ పోసిచ్చుకుంట.

నేను పాలిటెక్నిక్ సగంల ఇడిసినోన్ని.
రాగితీగ తెలుసు, కొంచెం కోడు తెలుసు.

ఆ ఏడు త్రీఫేజు రాత్రి రెండింటికి వచ్చేది.
కేతావత్ దూద్యా బత్తాయి తోటకు
టార్చి పట్టుకొని మూడు కిలోమీటర్లు నడిసేటోడు,
ఒక్క మీట నొక్కటానికి.
"పండుకున్న కాన్నుంచే నొక్కేటట్టు ఏమన్న చెయ్యరాదు?"
అట్ల మొదలైంది.

పాత ఫోను పలక, ఒక రిలే, డెబ్బై వరుసల కోడు.
ఫోను చేస్తే డబ్బా ఎత్తదు,
ఎత్తితే పైసలు పోతయి కద.
ఒక్క రింగు: మోటరు నడుస్తది.
రెండు రింగులు: ఆగుతది.

ఇది నేను కనిపెట్టిన అని ఎన్నడన్న అన్ననా?
మా అమ్మ ఒక్క రింగిచ్చి కట్ చేస్తే అన్నమైనట్టు,
రెండిస్తే చుట్టాలొచ్చినట్టు, కోడిని తెమ్మన్నట్టు.
దేవరకొండ బస్సు దిగినోళ్ళు, చీటీ పాడినోళ్ళు,
అలిగి మాట్లాడనోళ్ళు గూడ
ఎత్తని ఫోన్లతోనే మాట్లాడుకున్నం.

నలభై మూడు డబ్బాలు పోయినంక
రిజిస్టర్ పోస్టుల వచ్చింది నోటీసు.
నల్లగొండల వకీలు సులోచన మేడం
అద్దాలు పైకి తోసి, మెల్లగ తెలుగు చేసి చదివింది:
"స్వీకరించని పిలుపును సంకేతముగా గ్రహించి
దూరమందున్న యంత్రమును నడుపు పద్ధతి."
అది ఒకరి పేరు మీద పట్టా అయ్యిందట.
డబ్బా గాదు, తీగ గాదు, పద్ధతి.

"గట్ల పద్ధతికి పట్టా ఉంటదా మేడం?"
"ఉండదనే వాదించొచ్చు," అన్నది.
"వాదించాలంటే ఢిల్లీ. ఏండ్లు. నీ దగ్గర ఏమున్నది?"

పొలానికైతే హద్దురాళ్ళుంటయి.
తలకాయలకెళ్ళి పోయే తొవ్వకు
ఏడ పాతిండ్రో,
కాలికి తగిలినంకనే ఎరుకైతది.

నేను వాదించలే.
సంతకం వెట్టి, మిగిలిన డబ్బాల పలకలు ఊడదీసిన.

డబ్బాల సంగతి ఇడిసిపెట్టు.
నేను ఇంకొకటి చేద్దామనుకున్న.
బోరుల నీళ్ళు అడుగంటితే
మోటరు గాలి గుంజుకుంట తిరిగి తిరిగి మాడిపోతది.
మాడకముందే తానే ఆగి,
తానే దూద్యాకు ఒక్క రింగియ్యాలె:
నీళ్ళైపోయినయి, పండుకో.
కరెంటు ఎంత గుంజుతున్నదో సూసి పట్టుకోవచ్చు.
ముప్పై వరుసలు పట్టేదేమో.
మియా పుస్తకంల దానికోసం ఒక పేజీ ఇడిసిన,
పైన పేరు గూడ రాసిన.
రాత్రుల్లు కూసుంటే అయ్యేదే.
కూసోబుద్ధి కాలే.
ఏ వరుస కాడ ఎవరి రాయున్నదో.

మొన్న ఎండకాలం మా దుకాణానికి
మాడిన మోటర్లు పందొమ్మిది వచ్చినయి,
దూద్యాది రెండుసార్లు.
గల్లా నిండింది. మియాకు కంటి ఆపరేషన్ అయ్యింది.
"నోటీసు పంపినోళ్ళకు సలాం చెప్పాలె రా,"
అన్నడు కట్టు మీద చెయ్యి వెట్టుకొని.
నవ్విండో లేదో తెల్వదు.

ఇయ్యాల ఎదురు దుకాణం పోరడు
పుస్తకం తిప్పుకుంట ఆ పేజీ కాడ ఆగిండు.
"ఇదేంది అన్నా, ఉత్త పేరే ఉన్నది?"

దూద్యా మోటరు నా కాళ్ళ నడుమ ఉన్నది.
వార్నిష్ మాడిన వాసన.
నల్లబడ్డ తీగ ఇప్పుకుంట చుట్లు లెక్కవెడుతున్న,
నడుమ మాట్లాడితే తప్పిపోత.
నలభై ఒకటి.
నలభై రెండు.