మూడు గీతల తేడా

పొద్దున నాలుగున్నరకు పాలకేంద్రంలో నా పని మొదలు.
క్యాన్ మూత తీసి, గరిటెతో అడుగు దాకా కలబెట్టి
లాక్టోమీటరు జారవిడుస్తాను.
ఇరవై ఎనిమిది దగ్గర నిలబడితే సంతకం.
ఇరవై రెండు దాకా మునిగితే
యాదమరి చెంగల్రాయుడు నా మొహం చూడడు,
నేల చూస్తాడు.

సాయంత్రం మిట్టూరులో మా మేడమీది గదిలో
ఇంకో గాజు పుల్ల, ఇంకో నీళ్ళు.
ఉప్పు చారెడు చారెడు వేస్తూ, కలుపుతూ చూస్తాను.
ఇక్కడ ఇరవై ఐదు దగ్గర నిలవాలి.
పాలకూ సముద్రానికీ మూడు గీతలే తేడా!
నేను పుట్టింది పాలసముద్రంలో.
అక్కడ పాలున్నాయి,
సముద్రం ఊరి బోర్డు మీద మాత్రమే ఉంది.

మొదటి తప్పు నాదే.
తొట్టి నింపిన నాలుగో రోజే మద్రాసు బస్సెక్కి
కొళత్తూరులో ఒక నీలం చేపను కొన్నాను.
రాణిపేట దాటేదాకా సంచి ఒళ్ళోనే.
కండక్టరు దానికి అర టికెట్టు కొట్టమంటావా అని నవ్వాడు.
మూడు రోజులు బతికింది.
నీళ్ళు మాత్రం అద్దంలా ఉన్నాయి.
తేటగా కనపడేదంతా మంచిది కాదని
రోజూ పాలు పరీక్షించే నాకు
ఇంకెవరు చెప్పాలి?

"తణ్ణిని పెంచమ్మా ముందు, మీను తర్వాత"
అన్నాడు అంగడి సెల్వం, డబ్బులు తీసుకోకుండా
రెండు రాళ్ళు తడిగుడ్డలో చుట్టిస్తూ.
బస్సులో అప్పుడు అర్థమైంది నాకు,
ఇది తోడు!
కాచిన పాలలో చెంచాడు పెరుగు వేసి
పొయ్యి గట్టున పెట్టి మరిచిపోవడం లాంటిదే.
మాటిమాటికీ మూత తీసి చూసేవాళ్ళకు
పెరుగు గట్టిపడదు.

నా సముద్రం అయిదు క్యాన్ల కొలత.
దానికి తోడు వేసి కూర్చున్నాను.
వెన్న శాతాల పాత రిజిస్టరు వెనక పేజీల్లో
తేదీ, వేడి, ఉప్పు, పరీక్షగొట్టంలో రంగు.
ఆకుపచ్చ. ఆకుపచ్చ. ముదురు ఆకుపచ్చ.
తర్వాత అద్దాలకు తుప్పులాంటి పాచి.
కింది వాటా కాంతమ్మక్క మెట్లెక్కి వచ్చి
"ఏమ్మే, రాళ్ళకు లైటేసి కూచున్నావు,
బిల్లు ఎవురు కడతారు?" అంది.
ఆర్వో మిషను వదిలేసే నీళ్ళు
ఆమె కరివేపాకు చెట్టుకు పోయడం మొదలుపెట్టాక
ఆ మాట కొంచెం తగ్గింది.

నలభై మూడో రోజు గొట్టంలో
మాగిన నిమ్మకాయ రంగు.
అయిదు నత్తలు తెచ్చాను. పాచి మీద
అవి నడిచిన దారులు తెల్లగా.
ఇంకో నెలకు, నారింజ చారల చేపలు రెండు.
సెల్వం తొట్ల ముందు కళ్ళు పది అడిగాయి,
రిజిస్టరు రెండే అంది.

మే నెలలో ఒక రాత్రి గాలివాన, కరెంటు పోయింది.
పంపు ఆగింది. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచాయి.
లీటరు కొలత తీసుకుని
ముంచి, ఎత్తి పోశాను,
వేడి పాలు చల్లార్చినట్టు, అదే ఎత్తు నుంచి,
ఒంటిగంట దాకా.
భుజం పడిపోయే వేళకు కాంతమ్మక్క వచ్చి
ఏమీ అడగకుండా కొలత లాక్కుంది.
నేను టార్చి పట్టుకున్నాను.

అప్పుడు చూశాం,
రాతి కంతలోంచి వెంట్రుకంత చెయ్యి ఒకటి
బయటికొచ్చి, వంకర్లు తిరిగి
నీళ్ళను తడుముతోంది. తర్వాత ఇంకోటి.
నేను కొనలేదు. ఎవరూ అమ్మలేదు.
రాతిలోనే వచ్చి, ఇన్నాళ్ళూ చీకట్లో
తన ఐదు చేతులు తాను పెంచుకుంది.
రిజిస్టరులో దాన్ని ఏ గడిలో రాయాలి?

కాంతమ్మక్క తడివేలు నాకి చూసింది.
"ఉప్పు మే," అంది, నమ్మలేనట్టు,
మళ్ళీ ముంచింది.

మూడున్నరకు కరెంటొచ్చింది.
స్నానానికి టైము లేక అలాగే కేంద్రానికి పోయాను.
మోచేతి మీద తెల్లటి చారలు.
చెంగల్రాయుడు క్యాన్ దించుతూ చూసి
"పాల నురగా మేడం?" అన్నాడు.

అవునన్నాను.
నేల చూస్తూ.