తెర మీద నా వీపు

కుషిరో రేవులో పొగమంచు దిగితే
వీధి దీపాలు ఉడికిన పచ్చసొనల్లా ఉంటాయి.
సందు చివర మా హమానాసు బార్.
బోర్డు మీది గులాబీకి ఒక రేక రాలిపోయింది.
ఎనిమిది కుర్చీలు, ఒకదానికి కాలు పొట్టి.
నేను గ్లాసులు కడుగుతాను.
పేరు సవాయె. వయసు, అరవై దాటాక లెక్క మానేశాను.

ఇక్కడ పాడేవన్నీ విడిపోయిన పాటలే.
పెళ్లాలు బతికున్నవాళ్లు కూడా అవే పాడతారు.
ప్రతి పాటలో వాన, ప్రతి వానలో ఆఖరి పడవ.
ఈ పాటలు రాసేవాళ్లకి
మనుషులు బస్సెక్కి కూడా పోతారని తెలియదు కాబోలు.

తెర మీద అక్షరాలు తెల్లగా వస్తాయి,
గొంతు నడిచేకొద్దీ నీలం నిండుతుంది.
అక్షరాల వెనక ఒక ఆడది
గోధుమరంగు కోటు వేసుకుని
రేవుగట్టు మీద అటు నడిచిపోతూ ఉంటుంది.
ముఖం కనిపించదు.
అది నేను.

నేను చేపల డబ్బాల ఫ్యాక్టరీలో ఉన్నప్పుడు
సపోరో నుంచి ఒక వ్యాను వచ్చింది.
ముగ్గురు మనుషులు, ఒక కెమెరా, ఫ్లాస్కులో చల్లారిన టీ.
గేటు దగ్గర నన్ను చూసి "నడక బాగుంది" అన్నాడొకడు.
రబ్బరు బూట్లలో పన్నెండు గంటలు నిలబడ్డ కాళ్లు
ఇంకెలా నడుస్తాయి?
కోటు వాళ్లదే. కాలరుకి ఇంకెవరిదో సెంటు వాసన.
"వెళ్లిపో. ఎవణ్ణో వదిలేసి పోతున్నట్టు.
వెనక్కి మాత్రం చూడకు."
పదకొండు సార్లు వదిలేశాను, లేని మనిషిని.
కవరులో ఎనిమిది వేల యెన్లు పెట్టి ఇచ్చారు.
కరెంటు దుప్పటి కొన్నాను, ఇద్దరు పట్టేది.

దాని కింద రెండు చలికాలాలు గడిచాయి.
మూడోదాంట్లో షిగెహరు
ఆరూ నలభై బస్సెక్కాడు.
కుక్కరు మీద చీటీ: "అన్నం వండాను."
మూత తీస్తే ఇద్దరికి సరిపడా ఉంది.
లెక్క తప్పిందో, అలవాటే తప్పలేదో.
మూడు రోజులు తిన్నాను, అదే అన్నం, గడ్డకట్టిన చివరి ముద్ద వరకు.
ఆరూ నలభై బస్సు మీద పాట లేదు.
జాబితా అంతా వెతికాను.

మిత్సుయోషి గారు టగ్గుబోటు నడిపిన మనిషి.
రెండో చరణం ఎత్తుకోగానే గొంతు పూడుకుపోతుంది.
"పోవద్దు" అనే చోట
మైకు లేని చెయ్యి తెరవైపు చాపుతాడు, నా వీపు వైపు.
నేను ఆయన వెనకే నిలబడి
ఆయన గ్లాసే తుడుస్తూ ఉంటాను.
చెప్పొచ్చు. చెప్పను.
ఒకళ్లు నన్ను పోవద్దంటుంటే
వినడం, ఏం దాచుకోవాలి, హాయిగా ఉంటుంది.

రేపు కొత్త పెట్టె వస్తుందట.
దాంట్లో మనుషులుండరు,
మబ్బులూ రంగు గీతలూ అంతే, అన్నాడు బిగించే కుర్రాడు.
యజమానురాలు కినుయో పాత డిస్కుల్ని
బీరు క్రేటులో సర్దింది, ఉల్లిపాయలు సర్దినట్టు.

ఈ రాత్రి ఒక నంబరు నేనే నొక్కాను.
మైకు తీసుకోలేదు.
ఎవరూ పాడకపోయినా
అక్షరాలు వాటంతటవే నీలం నింపుకున్నాయి.
వాళ్లు ఉంచుకున్నది ఏడోసారి నడక.
గాలికి రుమాలు లేస్తుంది,
అక్కడే బొమ్మ మారిపోతుంది, పడవ దీపం వస్తుంది.
కత్తిరించిన ముక్క నాకొక్కదానికే తెలుసు:
రుమాలు కోసం గిరుక్కున తిరిగాను, నోరంతా తెరిచి నవ్వుతూ,
ముందుపన్ను సందు కనబడేట్టు.
"చెడగొట్టావ్" అని కెమెరా అబ్బాయి కూడా నవ్వాడు.

పాట అయిపోయింది.
మిత్సుయోషి గారు కళ్లు మూసుకునే చప్పట్లు కొట్టాడు,
ఎవరో పాడారనుకుని.
"బాగా పాడావమ్మా" అన్నాడు.
"ఆఁ" అన్నాను.