ఇరవై మూడో పేరు

మురకంబట్టు అంగన్‌వాడీలో
నా రిజిస్టరు ప్రకారం పిల్లలు ఇరవై రెండు మంది.
దినానికి గుడ్లు ఇరవై రెండు.
పెంకులకు మాత్రం లెక్క రాయమని ఎవురూ అడగలేదు.

కాలవలో పారేస్తే కుక్కలు,
కుక్కల ఎనకాల పిల్లోళ్ళు.
అందుకని జామచెట్టు పక్కన
మోకాటి లోతు గుంత తవ్వింది మా ఆయా దేశమ్మ,
కొంగు నడుముకు దోపి, నన్ను తిట్టుకుంటా.

పిల్లలకు ఒకటే చెప్పినాను:
"ఇది తింటాది. మీ మాదిరే దీనికీ పెట్టల్ల."
ఆ మాట నన్ను ఎంత దూరం లాక్కపోతాదో
అప్పుడు తెలీదు.

మర్నాటి నుంచి మొదలు.
మోక్షిత జేబులో చెనిక్కాయ పొట్టు.
షాహీన్ సంచిలో ఉల్లిపొట్టు, టీపొడి పిప్పి.
గుజ్జు ఫ్యాక్టరీకి పొయ్యే వాళ్ళమ్మ దగ్గర్నుంచి
బెంగళూరా మామిడి తొక్కలు ఒకతి తెచ్చింది,
దారంతా ఈగలతో.
ఎవురో చాక్లెట్టు కాయితమూ వేసినారు.
తీసి పక్కన పెడితే
"దానికి చాక్లెట్టు ఇష్టం లేదా టీచర్?"
"చాక్లెట్టు ఇష్టమే. చొక్కా ఇష్టం లేదు."

తడి ఎక్కువైతే కడుపు చెడతాది, కంపు కొడతాది,
అప్పుడు ఎండాకు తినిపించల్ల.
ఎండాకే పెడితే గొంతు పట్టుకుంటాది,
రెండు చెంబుల నీళ్ళు పొయ్యల్ల.
వారం తిరిగేసరికి ఈ వైద్యం నాకంటే వాళ్ళకే బాగొచ్చు.

పదో దినం గుంతలో చెయ్యి పెట్టి
గబుక్కున తీసినాడు మునిచంద్ర.
"టీచర్, దీనికి జొరం!"
నిజమే, లోపల కుంపటి మాదిరి కాగతా ఉండాది.
ఒకరు తడిగుడ్డ తెచ్చినారు.
ఒకరు నా బీరువా పక్క చూసినారు, సిరప్పు ఉండేది అందులోనే.
"జొరం కాదురా, వంట చేసుకుంటా ఉండాది" అన్నాను.
తడిగుడ్డ మాత్రం తియ్యనియ్యలేదు.

నెలాఖరు, బరువులు చూసే దినం.
ఒక్కొక్కరినీ తూకమెక్కించి చార్టులో చుక్కలు పెడతా ఉండాను.
పచ్చ, పచ్చ, పసుపు.
మునిచంద్ర చుక్క ఎప్పటి మాదిరే ఎరుపు అంచున.
దిగినోడు దిగినట్టే అడిగినాడు:
"మరి గుంతకు?"
"దానికేం, బాగుండాది."
"లేదు టీచర్. దినామూ తింటాది, దినామూ తగ్గతాది.
మొన్న గట్టు దాకా ఉండె, ఇప్పుడు చూడు, జానెడు లోపల."

ఇరవై రెండు మొగాలు నా పక్క తిరిగినాయి.
తిని తగ్గే పిల్లను ఏ రంగులో పెట్టల్లో
నాకు ట్రైనింగులో చెప్పలేదు.

మర్నాడు అన్నాలైనాక
జామచెట్టు కింద ఒక్కడే కూర్చోనుండాడు.
పచ్చసొన వాడి అరచేతిలో,
తెల్లసొన గుంతలో.
"నాకంటే అదే సన్నంగా ఉండాది టీచర్."

నాకు మాట రాలేదు చాలాసేపు.
పక్కన గొంతుక్కూర్చుని పుల్లతో కెలికినాను.
కింద నల్లగా, తొలివాన మడి వాసన.
ఆకు ఆకు కాదు, పొట్టు పొట్టు కాదు.
వెలుగు తగిలి ఒక వానపాము ముడుచుకుంది.
"చిక్కిపోలేదురా, సర్దుకోని కూర్చుంది.
షేర్ ఆటోలో మనం కూర్చోమా, అట్ల."
నమ్మినాడో లేదో.
"పెంకు దానిది, లోపలిది నీది.
దాని వాటా నీకొద్దు, నీ వాటా దానికొద్దు."
పచ్చసొన నోట్లో వేసుకున్నాడు,
గుంతకు వీపు పెట్టి.

ఆ నల్లమన్నులో సిర్రాకు చల్లినాము.
పప్పులో వేసిన దినం
"గుంత పెట్టింది" అని మోక్షిత రెండు మార్లు అడిగి తినింది.
మునిచంద్ర మున్నూరు గ్రాములు పెరిగినాడు.
సిర్రాకు వల్లనే అని నేను చెప్పను,
వాడికి దగ్గు కూడా తగ్గింది ఆ నెల.

సూపర్వైజరమ్మ వచ్చి రిజిస్టరు తిప్పింది.
ఇరవై రెండో పేరు కింద
ఎవురో క్రేయానుతో పెద్ద సున్న చుట్టి
లోపలంతా నల్లగా రుద్దినారు.
"ఎవురిది?"
"కొత్తగా చేరింది మేడమ్."
"బరువు గడి ఖాళీగా ఉందే?"
"తూకం ఎక్కదు."
"హాజరు?"
"దినామూ."