గ్రేడింగు

టంగుటూరు గోడౌన్లో ఆకు వేరుచేసే చేతులు మావి.
పసుపు ఇటు, మచ్చ అటు, మాడింది కిందకి.

అన్నాల వేళ ఏఎన్నెం రాహేలమ్మ
గోనెపట్టా మీద తన సరుకు పరిచింది.

బిళ్లలైతే రోజూ గుర్తుండాలి.
పొయ్యి మీది పాలే గుర్తుండవు నాకు.
కాపర్-టీని పైకెత్తి చూసింది పెంచలమ్మ:
"గాలంలా ఉందే! పదేళ్లుంటదా నాలో?
చీమకుర్తి లారీ ఎక్కినోడు పది రోజులుండడు."
ఆపరేషనంటే ఒంగోలు,
ఆర్నెల్లు బరువెత్తొద్దంది వదిన్ని డాక్టరు.
బిందె వింటదా ఆ మాట?
"సూదికి నెల తప్పుద్దిమే,
మా అత్త క్యాలెండరు ముందే కూర్చుంటది,"
కరీమూన్ గొణిగింది.

మగోళ్లకీ ఉందంట, కోత లేకుండా, అరగంట పని.
గోడౌనంతా నవ్వు.
తర్వాత చాలాసేపు
ఆకు చప్పుడే.

ఎన్ని రకాల ఆకైనా
కళ్లు మూసుకుని చెప్తాయి నా వేళ్లు.
వీటిలో దాచడానికి ఏది సులువో
ఏ అట్ట మీదా రాయలేదు.

మర్నాడు ఆసుపత్రి నుంచి
ఆలస్యంగా పనికొచ్చా.
ఎడమ భుజం సలుపుతోంది.
ఏందని మేస్త్రి అడిగితే
ఆకు ఘాటన్నా,
బుట్ట కుడిచేత్తో ఎత్తుకున్నా.