మూడు స్ప్రింగులు చాలు

చెయ్యి ఊడొచ్చింది, పాట మధ్యలో.
గిటారుది. నాది కాదు.
టెక్కలి పెళ్ళి స్టేజీ మీద
వంపు తిరిగిన ఇనప పుల్ల నా పిడికిట్లో మిగిలి
స్వరం మాత్రం కిందికి పోయి అక్కడే ఉండిపోయింది,
చేంతాడు తెగిన బొక్కెనలా.
ఇంటికొచ్చి విప్పితే
బ్రిడ్జి కింది దిమ్మలో మరలన్నీ పిండి.

విశాఖపట్నం కొట్లో అద్దం మీద మూడు రకాలు పెట్టాడు.
కదలనిదొకటి. "సేఫ్ మేడం" అన్నాడు.
తీగలకి తాళం వేసేదొకటి. శ్రుతి చెదరదట,
కానీ చెక్కని తొలిచి దానికి గది కట్టాలి.
పద్దెనిమిది వాయిదాలు కట్టిన చెక్కని తొలవనిస్తానా?
మూడోది ఆరు స్క్రూల పాత రకం.
ఆదివారం కానుకల కవరు వెనక
నా గిటారు కన్నాలు పెన్సిలుతో అచ్చుతీసి తెచ్చుకున్నాను,
దాని మీద పెట్టి చూశాను. ఆరుకి ఆరూ కలిశాయి.
ఇంత ఆలోచనా ఇందుకే, ఉన్న కన్నాలకి సరిపోయేది.

కానీ దాని దిమ్మ కూడా పలచనే.
గోటితో మీటితే టక్కని ఊరుకుంటోంది.
అందుకని బుడితి వెళ్ళాను.

తవిటయ్య తాత అరచేతిలో ఎగరేసి చూశాడు.
"ఇదేటి గుంటా, లోహమా, అటుకులా?"
ఇత్తడిది పోసివ్వమన్నాను. తీగలు దీన్లోంచే పైకొస్తాయి,
బరువుంటే స్వరం నిలబడుతుందని చెప్పాను.
"గంటకీ అంతే కదేటి" అని
పుల్లని అటూ ఇటూ తిప్పాడు. "మరిదెందుకు?"
"స్వరం వణకడానికి, తాతా."
"వణకడానికి పిడి కావాలేటి?" అని
నా ముందు చెయ్యి చాపాడు.
యాభై ఏళ్ళు సుత్తి పట్టిన చెయ్యి
ఏ పిడీ లేకుండానే వణుకుతోంది.
నవ్వాలో వద్దో తెలీలేదు. ఆయనే నవ్వాడు.

మూసలో వేసినవి గుర్తున్నాయి నాకు:
ఓటి చెంబు అడుగు, పిడి విరిగిన గరిటె,
బీట తీసిన బడిగంట ముక్క.
మట్టి అచ్చు పగలగొడితే నల్లటి బిళ్ళ.
ఆకురాయి పెట్టగా పెట్టగా
పొద్దు వాలేవేళకి పసుపు బయటికొచ్చింది.
తూకం వేసి ఇత్తడి రేటే తీసుకున్నాడు.
మరలు తీయించింది నరసన్నపేట లేతు షెడ్డులో,
ఆ గొడవ వేరు.

రాత్రి దుప్పటి పరిచి గిటారుని బోర్లా వేసి
వీపు మూత తీశాను.
ఇటు తీగలు లాగుతాయి, అటు స్ప్రింగులు లాగుతాయి,
నడుమ బ్రిడ్జి ఎవరి మీదా వాలకుండా తేలాలి.
ఐదు స్ప్రింగులు పెడితే బండరాయి.
రెండు పెడితే ముందుకి లేచి కూర్చుంది.
మూడు.

ఇక శ్రుతి. ఒక తీగ బిగిస్తే మిగతా ఐదూ దిగుతాయి.
వాటిని ఎత్తేసరికి మొదటిది దిగుతుంది.
ఒక్క దుప్పటి కింద ఆరుగురు పిల్లలు,
ఒకడు లాక్కుంటే ఇంకొకడి కాళ్ళు బయట.
పదకొండయింది. అమ్మ రెండుసార్లు దగ్గింది, కావాలనే.

సారవకోట బస్సు టిక్కెట్లు మడత మీద మడత పెట్టి
దిమ్మకీ చెక్కకీ మధ్య కుక్కాను.
బ్రిడ్జి ఇప్పుడు కదలదు. నిమ్మళంగా శ్రుతి చేసి
గిటారుని పక్కకి ఒత్తిగిలించి
వీపు స్క్రూలు పావు తిప్పు, ఇంకో పావు,
మళ్ళీ పావు...
టిక్కెట్లు వాటంతటవే జారి పడ్డాయి.
దుప్పటి మీద, "పెద్దలు ఒకటి" అని పైకి కనిపిస్తూ.

కొత్త చెయ్యి తగిలించి నొక్కాను.
దిగింది, బాగా లోతుకి.
వదిలితే వచ్చింది, నీళ్ళతో.
మూడో తీగ ఒక్కటి వెంట్రుకవాసి పైన ఆగింది.
గాడిలో పెన్సిలు ముల్లు పొడి రాశాను. ఇంకా ఆగుతోంది.
ఆగనీ.

మిగిలిన రెండు స్ప్రింగుల్లో ఒకటి
కోళ్ళగూడు తలుపుకి తగిలించాడు మా తమ్ముడు.
దానంతటదే మూసుకుంటోంది చూడు అంటూ
పొద్దున్నించీ తీస్తున్నాడు, వదులుతున్నాడు.