అదనంగా అర నిమిషం

టిడ్‌బిన్‌బిల్లా లోయలో రాత్రి తొమ్మిదిన్నర.
సెప్టెంబరు వచ్చినా చలి ఇంకా వదల్లేదు.
డెబ్బై మీటర్ల తెల్లటి పళ్లెం
పడమటి కొండ వైపు ముఖం వాల్చింది.
దాని కింద కంగారూలు గడ్డి కొరుకుతున్నాయి,
ఎవరి పని వాళ్లదన్నట్టు.

టీ కప్పులో చెంచా తిప్పడం ఆపింది గ్వెన్ ట్రెలోర్.
యాభై తొమ్మిదేళ్ల మనిషి.
శని లెక్కలో చూస్తే రెండేళ్ల పిల్ల,
ఇప్పుడిప్పుడే మాటలు కూడబలుక్కునే వయసు.

మనం వాణ్ణి మందుడన్నాం, కుంటివాడన్నాం.
ఏడున్నరేళ్లు నెత్తినెక్కుతాడని
నూనె పోసి, నల్లనువ్వులిచ్చి,
వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాం.
చూసినవాళ్లు వేరే ఉన్నారు.
మొదట దుర్భిణి పెట్టినాయనకి
గ్రహానికి రెండు చెవులు కనిపించాయట.
కొన్నాళ్లకి చూస్తే చెవుల్లేవు!
ఎక్కడికీ పోలేదవి, అంచు మన వైపు తిప్పాయంతే.
లక్షల కిలోమీటర్ల వెడల్పు,
మందం మాత్రం చాలాచోట్ల ఓ మూడంతస్తుల మేడంత.
బంగారమూ కాదు, వెండీ కాదు,
మంచు. ఇసుకరేణువంత, ఇటుకంత, ఇల్లంత.

నడక నెమ్మదే, ఒప్పుకుంటాను.
కానీ తన చుట్టూ తాను పదిన్నర గంటల్లో తిరిగేస్తాడు.
ఆ విసురుకి నడుం ఉబ్బింది, నెత్తి అణిగింది.
కాలు మోపుదామంటే నేల లేదు,
గాలి కింద గాలి, దాని కింద
తన బరువుకి తానే చిక్కబడ్డ గాలి.

అక్కడికి ఏడేళ్లు ప్రయాణం చేసి
పదమూడేళ్లు కాపురమున్న యంత్రమిది.
టైటాన్ మీదికి ఒక బిడ్డని దింపింది.
నారింజ మసకలో, మంచు గులకరాళ్ల మధ్య కూర్చుని
ఆ బిడ్డ గంటకు పైగా కబుర్లు చెప్పి ఊరుకుంది.
ఎన్సెలడస్ అనే చిన్న చంద్రుడు
దక్షిణపు పగుళ్లలోంచి ఉప్పునీళ్లు చిమ్ముతుంటే
ఆ తుంపరలోంచి దూరి వెళ్లింది.

ఇంధనం అడుగంటింది.
దారి తప్పి ఆ నీళ్లలో పడితే?
ఇక్కడి క్రిమి ఒక్కటి అక్కడ మైల పెడితే?
అందుకని, శనిలోకే దూకమన్నారు.
దీన్ని మడి అంటే గ్వెన్‌కి అర్థం కాదు.
అర్థం కాకపోయినా పాటిస్తోంది.

ఎనభై మూడు నిమిషాల కిందటే అక్కడ అంతా అయిపోయింది.
ఇక్కడ తెర మీద గీత ఇంకా నిలబడే ఉంది.
చావు కబురు చల్లగా,
కాంతి వేగంతో వస్తోంది.

"ఇప్పుడు," అన్నాడు డర్మట్ క్వెయిల్, గడియారం చూసి.

గీత పడిపోలేదు.

పైపొరల గాలి మొహం మీద కొడుతుంటే
చిన్న చిన్న జెట్లన్నీ పూర్తిగా తెరిచి
యాంటెన్నాని మన వైపే పట్టుకుని ఉండాలి అది.
పది సెకన్లు. ఇరవై.
గదిలో ఎవరూ కుర్చీ కూడా కదపలేదు.
లెక్క కన్నా అర నిమిషం ఎక్కువ.

తర్వాత తెర మీద గడ్డిలాంటి రొద, ఎత్తుపల్లాల్లేకుండా.

డర్మట్ పుస్తకంలో టైము రాసుకున్నాడు.
"ఇంకో నౌక వరసలో ఉంది. పళ్లెం తిప్పనా?"
గ్వెన్ కిటికీ దగ్గరికెళ్లింది.
కొండ మీద పసుపు చుక్క,
మిణుకు మిణుకు లేకుండా, మునుపటిలాగే.

"కొంచెం ఆగు," అంది.

ఎందుకని అతను అడగలేదు.
టీ చల్లారిపోయింది.
ఖాళీ ఆకాశం వైపు చెవి ఒగ్గి
ఆ పెద్ద పళ్లెం అలాగే నిలబడింది,
సుమారు అర నిమిషం.